నొప్పికి పూసే మందు – పూయడంలో జాగ్రత్తలు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. గుండె గురించి, షుగరు గురించి, కళ్ళ గురించి పెద్ద డాక్టర్లు వచ్చి మనకు చెబుతూనే ఉన్నారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వ ఆసుపత్రిలో 33 సంవత్సరాలు ఫార్మసిస్టుగా పనిచేశాను. కిటికీలోంచి చీటీ అందుకుని, మందు చేతికిచ్చి, ఎలా వాడాలో చెప్పి పంపడమే నా ఉద్యోగం. అందుచేత నా స్థాయికి తగిన చిన్న విషయమే ఎంచుకున్నాను. మన అందరి ఇళ్ళలోనూ అద్దం బల్లమీదో, దిండు కిందో, దేవుడి గూటి పక్కనో ఉండే నొప్పుల ట్యూబు గురించి చెబుతాను.

ఇంత చిన్న ట్యూబుకు ఇంత పెద్ద ఉపన్యాసమా అని మీకు అనిపించవచ్చు. మన వయస్సులో కాలు బెణకడం, మెట్టు తప్పి మోకాలు తగలడం, బిందె ఎత్తబోతే మణికట్టు పట్టేయడం సాధారణం. అప్పుడు మనం రెండు పనులు చేస్తాం. ఇంట్లో ఉన్న ట్యూబు పూస్తాం. సందు చివర మందుల షాపుకు మనవడిని పంపి "నొప్పికి రెండు బిళ్ళలు" తెప్పిస్తాం. ఈ రెండింటిలో మొదటిది సవ్యంగా చేస్తే రెండవ దాని అవసరం చాలాసార్లు రాదు. ఆ రెండవది మన వయస్సు వారికి ఎంత ప్రమాదమో తెలిస్తే మొదటిదాన్ని మరికొంత శ్రద్ధగా చేస్తాం. నా ప్రసంగ సారాంశం ఇంతే.

దెబ్బ తగిలిన చోట ఏమి జరుగుతుంది?

కాలు బెణికినప్పుడు కీలును పట్టి ఉంచే నరాల వంటి పట్టీలు సాగుతాయి, కొన్ని పోగులు తెగుతాయి. వెంటనే శరీరం అక్కడికి రక్తాన్ని, నీటిని పంపుతుంది. అందువల్ల ఆ చోటు వాస్తుంది, వేడెక్కుతుంది, ఎర్రబడుతుంది, నొప్పి పెడుతుంది. ఈ పని చేయించే రసాయనాలలో ముఖ్యమైనవి ప్రోస్టాగ్లాండిన్లు. ఆస్పిరిన్ వంటి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త చూపించారు. ఆయనకు, ఆ విషయంలోనే కృషి చేసిన మరి ఇద్దరికి 1982లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. ప్రోస్టాగ్లాండిన్లు నొప్పిని మాత్రమే కలిగించవు. కడుపులో యాసిడ్ వల్ల పుండు పడకుండా లోపలి పొరను కాపాడేవి అవే. మూత్రపిండాలకు రక్తం సరిగా అందేటట్లు చూసేవీ అవే. చీలమండ నొప్పికని మనం బిళ్ళ మింగితే అది చీలమండకు మాత్రమే పోదు. ఒక క్లర్కు తప్పు చేశాడని ఆఫీసు మొత్తానికి జీతం నిలిపివేసినట్లు, అది ఒళ్ళంతటా వాటిని ఆపుతుంది.

బిళ్ళ కంటే పూత ఎందుకు మేలు?

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వాపు తగ్గించే నొప్పి మందులు. షాపులో ఇచ్చే బిళ్ళలో చాలాసార్లు వీటిలో ఒకదానిని పారాసెటమాల్‌తో కలిపి ఉంటుంది. అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉన్న పేరు చూస్తే అది తెలియదు. వెనక చిన్న అక్షరాలు చదివితే తెలుస్తుంది.

మనలో చాలామంది బి.పి.కి టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బిళ్ళలు వాడుతున్నారు. కొందరికి వాటితోపాటు మూత్రం సాఫీగా పోవడానికి హైడ్రోక్లోరోథయాజైడ్ గానీ, ఫ్రుసెమైడ్ గానీ ఉంటుంది. ఈ రెండు రకాలూ వాడేవారు పైనుంచి నొప్పి బిళ్ళ కూడా వేసుకుంటే మూత్రపిండాల మీద మూడు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. ఎండాకాలంలో నీళ్ళు తక్కువ తాగిన రోజుల్లోనో, విరేచనాలైన సమయంలోనో ఇది మరీ ప్రమాదం. నేను ఉద్యోగంలో ఉండగా ఇటువంటి కేసులు చూశాను. ఒక పెద్దమనిషి, రిటైరైన ఉపాధ్యాయుడు, కాలు బెణికిందని 12 రోజులు వరుసగా నొప్పి బిళ్ళలు వేసుకున్నారు. కాలి నొప్పి తగ్గింది గానీ ముఖం, పాదాలు ఉబ్బి, మూత్రం తగ్గి ఆసుపత్రిలో చేరారు. వేళకు వచ్చారు కనుక కోలుకున్నారు. "బెణికిన కాలు దానంతట అదే తగ్గేది కదా" అని వారి భార్య అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు.

గుండె జబ్బుకు 75 మి.గ్రా. ఆస్పిరిన్ గానీ, క్లోపిడోగ్రెల్ గానీ రోజూ వాడేవారు నొప్పి బిళ్ళ కలిపితే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. నొప్పి బిళ్ళ కోసం గుండె మందు మానడం ఇంకా పెద్ద పొరపాటు.

మరి పూసే మందు సంగతి ఏమిటి? 1 శాతం డైక్లోఫెనాక్ జెల్‌ను ఒక మోకాలికి 4 గ్రాముల చొప్పున రోజుకు 4 సార్లు పూసినప్పుడు రక్తంలో చేరే మందును, రోజుకు మూడు 50 మి.గ్రా. బిళ్ళలు మింగినప్పుడు చేరే దానితో పోల్చి చూశారు. పూసిన మందు దానిలో సుమారు 6 శాతం మాత్రమే. అంటే రూపాయిలో ఆరు పైసలు. నొప్పి ఉన్న చోట మాత్రం కావలసినంత మందు దిగుతుంది.

పని చేస్తుందా అన్నది తర్వాతి ప్రశ్న. ప్రపంచంలోని వైద్య పరీక్షలను ఒకచోట చేర్చి విచారించే కోక్రేన్ సంస్థ 2015లో ఈ పూత మందులను పరిశీలించింది. బెణుకులు, కండరాల పట్లు వంటి కొత్త దెబ్బలకు డైక్లోఫెనాక్ జెల్ ఒక రకం వాడిన వారిలో 100కు 78 మందికి సుమారు వారంలో నొప్పి సగానికి సగం తగ్గింది. మందు కలపని వట్టి జెల్ వాడిన వారిలో 100కు 20 మందికే తగ్గింది. 2020లో అమెరికాలోని రెండు పెద్ద వైద్య సంఘాలు కూడా నడుము నొప్పి కాక ఇతర కొత్త దెబ్బల నొప్పికి మొదట వాడవలసింది ఈ పూత మందే అని సిఫారసు చేశాయి.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. జెల్ నొప్పిని తగ్గిస్తుంది, తెగిన పోగులను అతికించదు. ఆ పని శరీరం తన వేళకు తాను చేసుకుంటుంది. నొప్పి తగ్గింది కదా అని మూడోరోజే మళ్ళీ బియ్యం మూట ఎత్తకూడదు.

బామ్ వేరు, జెల్ వేరు

మన ఇళ్ళలో రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తాం. అమృతాంజనం 1893లో బొంబాయిలో స్థాపించినది మన తెలుగువారే, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఆ తర్వాత ఆంధ్రపత్రిక స్థాపించిందీ ఆయనే. మన తరం వారందరి తలనొప్పులూ ఆ పసుపుపచ్చ సీసా తోనే పోయాయి. ఇటువంటి బామ్‌లలో సాధారణంగా కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం, గంధపూర తైలం వంటివి ఉంటాయి. ఇవి చర్మం మీద చల్లదనమో, మంటో పుట్టించి లోపలి నొప్పి నుంచి మనస్సును మళ్ళిస్తాయి. ఏడుస్తున్న పిల్లవాడికి కాకిని చూపించినట్లన్న మాట. ఉపశమనం నిజమే, కాని వాపు మీద వాటి పని తక్కువ.

డైక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, పైరాక్సికామ్ వంటి పేర్లున్న జెల్ వాపు కలిగించే రసాయనాల మీద పనిచేస్తుంది. కొన్ని ట్యూబులలో రెండు రకాలూ కలిపి ఉంటాయి. డైక్లోఫెనాక్‌తోపాటు మిథైల్ సాలిసిలేట్, మెంథాల్ కలిపినవి షాపులలో చాలా ఉన్నాయి. మిథైల్ సాలిసిలేట్ అంటే గంధపూర తైలంలోని సారమే. అది ఆస్పిరిన్ కుటుంబానికి చెందినది. కనుక ట్యూబు కొనేటప్పుడు కళ్ళజోడు పెట్టుకుని లేబుల్ చదవండి. డైక్లోఫెనాక్ డైఇథైల్అమీన్ 1.16 శాతం అని ఉంటే అది డైక్లోఫెనాక్ సోడియం 1 శాతంతో సమానం. 2.32 శాతం అని ఉంటే రెట్టింపు బలం, దానిని రోజుకు రెండుసార్లకు మించి పూయకూడదు.

దెబ్బ తగిలిన వెంటనే

జెల్ కంటే ముందు చేయవలసిన పనులున్నాయి. మొదటి రెండు మూడు రోజులు ఆ కీలుకు విశ్రాంతి ఇవ్వాలి. ఐసు ముక్కలను తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు పెట్టాలి. ఐసును నేరుగా చర్మానికి తగిలించకూడదు. కాలైతే దిండుమీద ఎత్తుగా పెట్టుకోవాలి. క్రేప్ బ్యాండేజీ కట్టితే వేళ్ళు చల్లబడకుండా, నీలం తిరగకుండా వదులుగా చూసుకోవాలి.

మొదటి రెండు రోజులు వేడి కాపడం, గట్టి మర్దన రెండూ వద్దు. వేడికి, మర్దనకు లోపలి రక్తం ఇంకా ఊరి వాపు పెరుగుతుంది. "గట్టిగా తోమితే నరం చోటికి వస్తుంది" అని చెప్పే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వారికి కాఫీ ఇచ్చి, కాలు మాత్రం ఇవ్వకండి.

ఎంత, ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు?

చాలామంది రెండు తప్పులలో ఒకటి చేస్తారు. కొందరు కుంకుమబొట్టంత పూసి పనిచేయలేదంటారు. మరికొందరు ట్యూబు సగం పిండుతారు.

చూపుడు వేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. చీలమండ వంటి చోటికి ఒక్కొక్కసారి 2 గ్రాములు, అంటే అటువంటి నాలుగు గీతలు కావాలి. మోకాలు మొత్తానికి 4 గ్రాముల వరకు పట్టవచ్చు. రోజుకు మూడు సార్లు, ఎక్కువలో ఎక్కువ నాలుగు సార్లు పూయాలి. ఈ లెక్కన చీలమండకు మూడు సార్లు పూస్తే రోజుకు 6 గ్రాములు. 30 గ్రాముల ట్యూబు 5 రోజులు వస్తుంది. మీ ట్యూబు రెండు నెలలుగా అయిపోలేదంటే మీరు చాలినంత పూయడం లేదని అర్థం. రెండు రోజులకే అయిపోతే ఎక్కువ పూస్తున్నారని అర్థం.

పూసేముందు ఆ చోటు కడిగి, తుడిచి ఆరనివ్వాలి. జెల్‌ను మెత్తగా, నెమ్మదిగా ఇంకేదాకా రాయాలి. పది నిమిషాలు ఆగి బట్ట కప్పుకోవాలి. స్నానం గంట తర్వాతనే చేయాలి. పూసిన చేతిని సబ్బుతో కడుక్కోవాలి. మందు పూసింది ఆ చేతికే అయితే వెంటనే కడగకుండా, ఆ చేయి కళ్ళకు, నోటికి తగలకుండా చూసుకోవాలి.

వారం రోజులలో గుణం కనిపించకపోతే ట్యూబు మార్చడం కాదు, డాక్టరుకు చూపించడం మార్గం. గుణం కనిపించినా కొత్త దెబ్బకు సొంతంగా రెండు వారాలకు మించి వాడవద్దు.

చేయకూడని పనులు

1. గీసుకుపోయిన చోట, పుండు మీద, పగిలిన మడమ మీద, గజ్జి తామరలున్న చోట పూయకూడదు. షుగరు ఉన్నవారికి పాదాలలో స్పర్శ తక్కువగా ఉంటుంది కనుక పూసేముందు పాదం అడుగు, వేళ్ళ సందులు ఇంట్లో వారి చేత చూపించుకోవాలి.

2. పూసిన తర్వాత పాలిథిన్ కాగితం చుట్టి కట్టకూడదు. అలా చేస్తే మందు హద్దు మీరి లోపలికి పోతుంది. ఆరిన తర్వాత గాలి ఆడే క్రేప్ బ్యాండేజీ కట్టుకోవచ్చు.

3. పూసిన చోట వేడినీళ్ళ సంచి, ఉప్పు కాపడం, కరెంటు కాపడం పెట్టకూడదు. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉన్న పూతల వల్ల చర్మం కాలి బొబ్బలు వచ్చిన సంఘటనలపై 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. మా వీధిలో ఒక ఇల్లాలు భుజానికి ఇటువంటి పూత రాసి, పైన వేడినీళ్ళ సంచి పెట్టుకుని నిద్రపోయారు. తెల్లవారేసరికి అరచేతి మేర బొబ్బ. భుజం నొప్పి నాలుగు రోజులకు పోయింది, ఆ మచ్చ మాత్రం ఉండిపోయింది.

4. ఒకే చోట పొద్దున ఒక ట్యూబు, మధ్యాహ్నం ఒక బామ్, రాత్రి మరొక నూనె వద్దు. దద్దురు వస్తే దేనివల్లనో తేలదు.

5. జెల్ పూసుకుంటూనే అదే జాతి బిళ్ళ డాక్టరు చెప్పకుండా మింగకూడదు. మరీ నొప్పిగా ఉంటే వట్టి పారాసెటమాల్ సంగతి మీ డాక్టరును అడగండి.

6. పూసిన చోటు ఎండకు పెట్టకూడదు. ముఖ్యంగా కీటోప్రొఫెన్ జెల్ వాడేవారు వాడుతున్నన్నాళ్ళూ, మానిన తర్వాత రెండు వారాల వరకూ ఆ భాగాన్ని బట్టతో కప్పుకోవాలి. లేకపోతే ఎండ తగిలిన చోట చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు.

7. చిమ్మే డబ్బాలు, అంటే స్ప్రేలు, పొయ్యి దగ్గర, దీపారాధన దగ్గర, బీడీ సిగరెట్టు చేతిలో ఉండగా వాడకూడదు. వాటిలోని గ్యాసు అంటుకుంటుంది.

వీరు డాక్టరును అడిగి వాడాలి

ఆస్పిరిన్ గానీ నొప్పి బిళ్ళ గానీ వేసుకుంటే ఆయాసం, దద్దుర్లు, ముఖం వాపు వచ్చినవారు ఈ జెల్ అసలు వాడకూడదు. పూసింది ఆరు పైసలే అయినా అటువంటి ఒంటికి అది చాలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గుండె బలహీనపడి నీరు పట్టేవారు, కడుపులో పుండు పడి రక్తం పోయిన చరిత్ర ఉన్నవారు అడిగి వాడాలి.

గుండె కవాటం మార్పించుకుని వార్‌ఫరిన్ వాడేవారు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మిథైల్ సాలిసిలేట్ పూత ఎక్కువగా వాడినందువల్ల వార్‌ఫరిన్ ప్రభావం పెరిగి రక్తం కారిన ఉదాహరణలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. బామ్ కదా అని తేలికగా తీసుకోకండి.

మన ఇళ్ళకు పురిటికి వచ్చే కూతుళ్ళు, కోడళ్ళు కూడా ఉంటారు. గర్భవతులు డాక్టరు చెప్పకుండా ఈ జెల్ వాడకూడదు. ముఖ్యంగా చివరి మూడు నెలలలో వద్దు.

మరొక లెక్క కూడా చెబుతాను. రెండు మోకాళ్ళకు, రెండు చేతులకు కలిపి నిండుగా పూస్తే, అంటే రోజుకు 48 గ్రాములు, రక్తంలో చేరేది 6 శాతం కాదు, సుమారు 20 శాతం. ఎన్ని చోట్ల పూస్తే అంతకంతకు అది బిళ్ళకు దగ్గరవుతుంది.

ట్యూబు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళవలసిన సందర్భాలు

నా ప్రసంగంలో మిగతాది మరచిపోయినా ఈ భాగం మరచిపోవద్దని మనవి.

కాలు మడతపడిన తర్వాత నాలుగు అడుగులు వేయలేకపోతే, చీలమండ ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. కెనడాలోని ఒట్టావాలో 1992లో డాక్టర్లు ఏర్పరచిన సూత్రం ఇది. మోకాలి దెబ్బకు వారు ఏర్పరచిన సూత్రంలో వయస్సు కూడా ఉంది. 55 సంవత్సరాలు నిండినవారికి మోకాలికి దెబ్బ తగిలితే ఎక్స్‌రే తీయించాలని అందులో చెప్పారు. ఈ హాలులో ఉన్న పెన్షనర్లం అందరం ఆ లెక్కలోకి వస్తాం. పట్టు వేయించుకున్నా, కట్టు కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే తీయించి తర్వాత చేయించుకోండి.

జారిపడిన తర్వాత తుంటి నొప్పితో లేవలేకపోతే, ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటకు తిరిగిపోతే తుంటి ఎముక విరిగిందని అనుమానించాలి. రుద్దడం, నిలబెట్టి నడిపించి చూడడం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అరచేయి ఆనించి పడి మణికట్టు వంకర తిరిగినా అంతే.

దెబ్బ లేకుండా ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. దానిని అసలు మర్దన చేయకూడదు. కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే అది చీము పట్టడం కావచ్చు.

తలకు దెబ్బ తగిలినవారు, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవారు, బయటకు ఏమీ కనిపించకపోయినా చూపించుకోవాలి.

చివరగా, ఎడమ భుజం, దవడ, ఛాతీ పట్టేసినట్లుండి చెమటలు పోస్తుంటే అది కండరం పట్టు అనుకుని జెల్ పూసి పడుకోబెట్టవద్దు. అటువంటప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. 108కి ఫోను చేయండి.

ఇంట్లో పిల్లలు, పశువులు

గంధపూర తైలం 5 మిల్లీలీటర్లలో, అంటే ఒక చిన్న చెంచాలో, 20కి పైగా ఆస్పిరిన్ బిళ్ళలంత మందు ఉంటుంది. వాసన బాగుందని చంటివాడు తాగితే ప్రాణాపాయం. కర్పూరం మింగినా పిల్లలకు ఫిట్స్ వస్తాయి. పసిపిల్లలకు జలుబు చేసిందని ముక్కు దగ్గర పెద్దల బామ్ రాయకండి. డబ్బా మూత బిగించి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. వృద్ధుల గదిలో మంచం పక్కన టూత్‌పేస్టు, నొప్పుల ట్యూబు కలిపి ఉంచకండి. మసక చూపులో ఒకదానికొకటి మారుతుంది.

ఈ డైక్లోఫెనాక్‌కు మరొక కథ ఉన్నది. మన చిన్నతనంలో ఊరి బయట కనిపించిన రాబందులు ఎక్కడికి పోయాయి? పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయని 2004లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. 2006లో మన దేశం పశువులకు దీనిని నిషేధించింది. 2023లో పశువులకు వాడే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించింది. కనుక ఆవు కుంటుతున్నదని మన ట్యూబు దానికి పూయకండి. ఇంట్లో పిల్లి, కుక్క ఉన్నవారు జెల్ పూసిన కాలిని వాటిని నాకనివ్వకండి.

సభ్యులు అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: నడుము నొప్పికి ఈ జెల్ పనిచేస్తుందా?

జవాబు: చర్మానికి దగ్గరగా ఉన్న చీలమండ, మోకాలు, మణికట్టు, వేళ్ళ కీళ్ళకు బాగా పనిచేస్తుంది. తుంటి కీలు, నడుములోని లోతు నొప్పి దాకా చాలినంతగా దిగదు. నడుము నొప్పి కాలిలోకి పాకినా, కాలు తిమ్మిరెక్కినా, మూత్రం కట్టుబడినా, అదుపు తప్పినా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ప్రశ్న: నాకు మోకాళ్ళ అరుగుదల. రోజూ వాడవచ్చునా?

జవాబు: మోకాలి అరుగుదలకు ఇది ఉపయోగపడుతుంది. కాని అది వారం రోజుల పని కాదు కనుక మీ డాక్టరు పర్యవేక్షణలో, అప్పుడప్పుడు మూత్రపిండాల పరీక్ష చేయించుకుంటూ వాడండి. తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం జెల్‌తో సమానంగా అవసరం.

ప్రశ్న: మా అమ్మగారు పసుపు, సున్నం కలిపి పట్టు వేసేవారు. అది తప్పా?

జవాబు: పెద్దల వైద్యాన్ని నేను తక్కువ చేయను. కాని వయస్సు మీరిన చర్మం పలచన. సున్నం ఘాటుకు అది ఒరిసిపోతుంది. షుగరు ఉంటే పుండు మానదు. ఏది వేసినా గీసుకుపోయిన చోట వద్దు, జెల్ పూసిన చోటే పట్టు కూడా వద్దు.

ప్రశ్న: ఖరీదైన ట్యూబు బాగా పనిచేస్తుందా?

జవాబు: లోపల ఉన్న మందు, దాని శాతం చూడండి, డబ్బా రంగు కాదు. జన ఔషధి దుకాణంలో డైక్లోఫెనాక్ జెల్ అని మందు పేరుతో అడగండి. ఎక్కడ కొన్నా గడువు తేదీ చూసి, ట్యూబు మొదటిసారి తెరిచిన తేదీ దాని మీద పెన్నుతో రాసుకోండి. తేదీ వేసి సంతకం పెట్టడం మనకు కొత్త కాదు కదా.

మిత్రులారా, ఇంటికి వెళ్ళిన తర్వాత రెండు పనులు చేయవలసిందిగా కోరుతున్నాను. మీ నొప్పుల ట్యూబు, నొప్పి బిళ్ళల అట్ట బయటకు తీసి, వెనక ఉన్న చిన్న అక్షరాలు మనవడి చేతనో మనవరాలి చేతనో చదివించుకోండి. మీరు రోజూ వాడే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. ఎక్కడికి వెళ్ళినా మందు తీసుకునే ముందు ఆ కాగితం చూపించండి.